గోదారి గేజ్ నుంచి మీ ఊరి బోరు దాకా: నీళ్ళ లెక్కలు ఆన్‌లైన్ మ్యాపుల్లో ఎలా చూస్కోవాలి

నీళ్ళ గురించి గవర్నమెంట్ దగ్గరున్న డేటాలో చాలా భాగం ఇప్పుడు ఫ్రీగా మ్యాపు మీద దొరుకుతుంది, ఫోన్లో కూడా తెరుచుకుంటుంది. చూడ్డం పెద్ద కష్టం కాదు, కష్టమంతా చూసింది సరిగ్గా అర్థం చేస్కోవడంలోనే ఉంది. మ్యాపు మీద చుక్క ఎర్రగా ఉంటే భయపడిపోతాం, నీలంగా ఉంటే నీళ్ళున్నాయి అనేసుకుంటాం, ఆ చుక్క కింద ఏ కొలత ఉంది, ఏ యూనిట్‌లో ఉంది, ఎప్పటిది, దేని మీద నుంచి కొలిచారు అనేది మాత్రం చూడం. అందుకే ఏ సైటు తెరిచినా ఆ నాలుగూ ఎక్కడ చూడాలో చెప్తూ పోతా.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి. ఇవాళ వరద ఎంత ఉందనా, డ్యాములో ఎన్ని నీళ్ళున్నాయనా, చెరువు ఎండిందా కబ్జా అయ్యిందా అనా, బోర్లు ఎందుకు పడట్లేదనా? ఒక్కోదానికి ఒక్కో సైటు, అన్నీ ఒకేచోట చూద్దామని కూర్చుంటే తలనొప్పి తప్ప ఏం రాదు.

వరద

దీనికి సీడబ్ల్యూసీ, అదే కేంద్ర జల సంఘం వాళ్ళ వరద అంచనాల సైటు ఉంది, 2023లో ఫ్లడ్‌వాచ్ ఇండియా అని యాప్ కూడా తెచ్చారు. మ్యాపు తెరవగానే దేశమంతా చుక్కలు కనిపిస్తాయి. ఆకుపచ్చ అంటే మామూలుగా ఉంది, పసుపు అంటే హెచ్చరిక మట్టం దాటింది, నారింజ అంటే ప్రమాద మట్టం దాటింది, ఎరుపు అంటే ఆ చోట ఇప్పటిదాకా వచ్చిన అత్యధిక మట్టాన్ని అందుకుంది లేదా దాటింది అని. చుక్క మీద నొక్కితే గ్రాఫ్ వస్తుంది, అసలు సరుకు అక్కడే ఉంది.

భద్రాచలం చుక్కే తీస్కుందాం. గ్రాఫ్‌లో 45.72 దగ్గర ఒక గీత, 48.77 దగ్గర ఇంకో గీత ఉంటాయి. మనకేమో చిన్నప్పటి నుంచి అలవాటైన లెక్క 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఇప్పుడు ఎవరైనా ఆ సైట్లో 48.77 అని చూస్తే ఏమనుకుంటారు? రెండో హెచ్చరిక ఇప్పుడే దాటింది, ఇంకా టైముంది అనుకుంటారు. కానీ అది అడుగులు కాదు, మీటర్లు, అది కూడా సముద్ర మట్టం నుంచి. అడుగుల్లోకి మారిస్తే 160, అందులోంచి 107 తీసేస్తే 53. అంటే అది మూడో హెచ్చరిక! అలాగే 45.72 అంటే 150 అడుగులు, 107 తీసేస్తే 43. భద్రాచలం గేజ్ (నది మట్టం కొలిచే స్కేలు) సున్నా సముద్ర మట్టానికి 107 అడుగుల ఎత్తున ఉందన్నమాట. 1986 ఆగస్టు వరద 75.6 అడుగులు అంటారు కదా, సైట్లో అత్యధిక మట్టం 55.66 మీటర్లు అని ఉంటుంది, లెక్క వేస్కోండి సరిగ్గా కుదురుతుంది. 2022 జులైలో వచ్చిన 71.3 అడుగులకి కూడా అంతే.

ఈ 107 భద్రాచలానికి మాత్రమే పనికొస్తుంది. ప్రతి గేజ్‌కి సున్నా వేరే ఎత్తులో ఉంటుంది, కాబట్టి మీ ఊరి దగ్గర స్టేషన్‌కి ఇలా హెచ్చరిక మట్టాన్ని లోకల్‌గా చెప్పే అడుగులతో ఒకసారి పోల్చి తేడా రాసి పెట్టుకోండి. వరద వచ్చిన రాత్రి కూర్చుని ఈ లెక్కలు వేసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒక్క స్టేషన్ చూసి ఆగిపోవద్దు, పైన ఉన్నవి కూడా చూడండి. పేరూరు, ఏటూరునాగారం దగ్గర గీత కిందికి దిగుతుంటే కొన్ని గంటల తర్వాత భద్రాచలంలో కూడా తగ్గడం మొదలవుతుంది. కూనవరం, వీఆర్ పురం వైపు వాళ్ళకి మాత్రం అది సరిపోదు, ఎందుకంటే శబరి వచ్చి గోదారిలో కలిసేది కూనవరం దగ్గర, భద్రాచలానికి దిగువన. అందుకని శబరి మీదున్న కుంట స్టేషన్ కూడా చూడాలి. ఇంకో సంగతి, గ్రాఫ్‌లో చివరి రీడింగ్ టైమ్ ఎంతో తప్పకుండా చూడండి, ఒక్కోసారి పొద్దున్న ఆరింటి రీడింగే మధ్యాహ్నం దాకా అలాగే నిలబడి ఉంటుంది, జనం దాన్ని చూసి వరద నిలకడగా ఉందంటూ ప్రచారం మొదలుపెడతారు.

విండీ లాంటి యాప్‌లో రంగురంగుల వాన కనిపిస్తుంది కదా, అది ఎవరూ కొలిచింది కాదు, కంప్యూటర్ మోడల్ వేసిన అంచనా. బాగానే ఉంటుంది, వాడండి, కాకపోతే అందులో 120 మిల్లీమీటర్లు చూపిస్తే మా ఊళ్ళో అంత పడిందని పోస్టు పెట్టకండి. పడిన వాన కావాలంటే రెండు రాష్ట్రాల్లోనూ ఆటోమేటిక్ వెదర్ స్టేషన్ల రీడింగులు మండలాల వారీగా పెడుతున్నారు, అవి చూడాలి.

డ్యాములు

ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ అని వెతకండి. మొదట్లో సీడబ్ల్యూసీ, ఇస్రో కలిసి కట్టిన పోర్టల్, ఇప్పుడు నేషనల్ వాటర్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ నడుపుతోంది. రిజర్వాయర్లు, నదీ మట్టాలు, వాన, భూగర్భ జలాలు, నీటి నాణ్యత అన్నీ ఇందులో ఉంటాయి. సైటు కొంచెం బరువు, ఫోన్లో కంటే కంప్యూటర్లో హాయి. రాష్ట్రం, జిల్లా, స్టేషన్, తేదీలు ఎంచుకుంటూ పోతే గ్రాఫ్ వస్తుంది, టేబుల్ డౌన్‌లోడ్ చేస్కోవచ్చు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి వచ్చే ఇబ్బంది ఏంటంటే మన బుర్రలో ఉన్నవి అడుగులు, టీఎంసీలు, క్యూసెక్కులు, అక్కడున్నవి మీటర్లు, బీసీఎంలు (వంద కోట్ల ఘనపు మీటర్లు), క్యూమెక్కులు (సెకనుకి ఘనపు మీటర్లు). శ్రీశైలం 885 అడుగులు అంటే అక్కడ 269.75 మీటర్లు, సాగర్ 590 అంటే 179.83. బీసీఎంని టీఎంసీ చెయ్యాలంటే 35.3 పెట్టి గుణించండి, క్యూమెక్కుల్ని క్యూసెక్కులు చెయ్యాలన్నా అదే 35.3, కాబట్టి ఈ ఒక్క నంబర్ గుర్తుంటే చాలు. పనిలో పనిగా ఇంకోటి, 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళిందంటే, అదే వేగంతో రోజంతా పోతే దాదాపు 99 టీఎంసీలు!

సీడబ్ల్యూసీ ప్రతి గురువారం ఇచ్చే బులెటిన్‌లో ఉండేది లైవ్ స్టోరేజ్, అంటే వాడుకోగలిగిన నీళ్ళు మాత్రమే. పేపర్లో వచ్చేది మొత్తం నిల్వ, అడుగున ఉండే డెడ్ స్టోరేజ్‌తో కలిపి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి నీళ్ళు మాయం చేశారని గొడవ పడేవాళ్ళు ప్రతి సీజన్లో కనిపిస్తారు.

పాత ఏళ్ళతో పోల్చేటప్పుడు ఇంకా జాగ్రత్త. శ్రీశైలం కట్టినప్పుడు 885 అడుగుల దగ్గర 308 టీఎంసీలు పట్టేది, పూడిక చేరీ చేరీ ఇప్పుడు అదే 885 దగ్గర 215.81 టీఎంసీలే లెక్క. మట్టం అదే, నీళ్ళు వేరు. అందుకని పదేళ్ళు ఇరవయ్యేళ్ళు వెనక్కి పోల్చాలంటే టీఎంసీలతో కాకుండా మట్టంతో పోల్చండి, లేకపోతే పూడిక లెక్క మారిన ఏడాది దగ్గర గ్రాఫ్ ఒక్కసారిగా పడిపోయినట్టు కనిపిస్తుంది.

చెరువులు, ముంపు: ఉపగ్రహం చెప్పేది, చెప్పనిది

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే.

గ్లోబల్ సర్ఫేస్ వాటర్ ఎక్స్‌ప్లోరర్ అని యూరప్ వాళ్ళ సైటు ఉంది. 1984 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు తీసిన ఫొటోలన్నీ గాలించి భూమ్మీద ఎక్కడ ఎంతకాలం నీళ్ళున్నాయో మ్యాపు వేశారు. లాగిన్ అక్కర్లేదు. మీ ఊరికి జూమ్ చేసి లేయర్లు మార్చి చూడండి, ఒక లేయర్లో నీళ్ళు ఎన్నాళ్ళు ఉన్నాయో, ఇంకోదాంట్లో పెరిగాయా తగ్గాయా, మరోదాంట్లో శాశ్వతమా సీజన్‌లో మాత్రమేనా అనేది వస్తుంది. మార్పు చూపించే లేయర్లో ఆకుపచ్చ అంటే నీళ్ళు పెరిగాయి, ఎరుపు అంటే తగ్గాయి.

ఇప్పుడు దాంట్లో కొల్లేరు తెరవండి. చుట్టూతా ఆకుపచ్చ, నీళ్ళు తెగ పెరిగిపోయాయి! ఇదేంటి, కొల్లేరు కుంచించుకుపోయిందని కదా అందరూ అంటారు? ఇంకాస్త జూమ్ చేయండి. ఆ ఆకుపచ్చ అంతా గళ్ళు గళ్ళుగా, గట్లు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. అవి చేపల చెరువులు. కైకలూరు, ఆకివీడు, మండవల్లి వైపు ఒకప్పుడు వరి పండిన నేల, సరస్సు అంచు నేల ఏడాదంతా నీళ్ళు నిలిచే చెరువులైపోయాయి, ఉపగ్రహానికి సరస్సు నీళ్ళూ చేపల చెరువు నీళ్ళూ ఒకటే. అసలు సరస్సు లోపల చూస్తే గుర్రపుడెక్క, తుంగ కప్పేసి ఉంటుంది, పైనుంచి చూస్తే పచ్చటి పొలంలా కనిపిస్తుంది కాబట్టి అక్కడ నీళ్ళు లేవు అని లెక్కేస్తుంది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిన సరస్సులో నీళ్ళు తక్కువ, దాన్ని ఆక్రమించిన చెరువుల్లో నీళ్ళు ఎక్కువ అని తేలుతుందన్నమాట. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు కొట్టేశారు కదా, గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 2004 నుంచి 2010 దాకా నెమ్మదిగా నడిపిస్తే ఆ తేడా పట్టుకోవచ్చు. కాబట్టి మ్యాపులో నీళ్ళు కనిపించగానే ఆ నీళ్ళ ఆకారం చూడండి, ఒడ్డు వంకరటింకరగా ఉంటే చెరువో కుంటో, తిన్నగా ఉంటే మనిషి తవ్విందే.

ఈ మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్ళు కూడా ఈ సైటు చూస్తున్నారు, ముఖ్యంగా 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక. మంచిదే, కానీ లాండ్‌శాట్ ఫొటోలో ఒక గడి 30 మీటర్లు పొడవు 30 మీటర్లు వెడల్పు, అంటే దాదాపు 1,076 గజాలు. ఒక్క గడిలో 200 గజాల ప్లాట్లు ఐదు పట్టేస్తాయి. పక్క ప్లాటు నీళ్ళలో ఉండి మీది గట్టున ఉందా అనేది అది చెప్పలేదు. ఆ ఏరియాలో 1990ల్లో నీళ్ళు నిలిచేవా అన్నంతవరకు నమ్మొచ్చు, అక్కడ నీలం కనిపిస్తే మాత్రం ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు) మ్యాపు తెప్పించి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఎఫ్‌టీఎల్ గీత ఇరిగేషన్, రెవెన్యూ వాళ్ళ సర్వేతో తేలేది, ఉపగ్రహం ఫొటోతో కాదు. అలాగే నీలం కనిపించలేదు కాబట్టి సేఫ్ అని కూడా అనుకోవద్దు, ఎండాకాలం ఫొటోల్లో శిఖం భూమి (చెరువు నిండితే మునిగే నేల) మామూలు పొలంలాగే ఉంటుంది.

తాజా ఫొటో కావాలంటే కోపర్నికస్ బ్రౌజర్. సెంటినెల్-2 ఫొటోలు, గడి 10 మీటర్లే, సుమారు ఐదు రోజులకొకసారి కొత్తది వస్తుంది. ఊరు వెతికి, తేదీ పెట్టి, మబ్బుల శాతం తగ్గించి, లిస్టులో ఎన్‌డీడబ్ల్యూఐ అనేది ఎంచుకుంటే నీళ్ళు విడిగా తేలి కనిపిస్తాయి. రెండు తేదీల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో గీత జరుపుతూ చూసే కంపేర్ ఆప్షన్ ఉంది, మే నెలదీ నవంబర్‌దీ పెట్టి మీ ఊరి చెరువు చూడండి, ఎంతవరకు నిండిందో అర్థమైపోతుంది. ఫొటో డౌన్‌లోడ్ చేస్కోవాలంటే ఫ్రీ అకౌంట్ తెరవాలి.

వరదప్పుడు దీంతో పని కాదు, ఎందుకంటే వరదప్పుడు పైనంతా మబ్బే. అప్పుడు సెంటినెల్-1, అది రాడార్, మబ్బుల్లోంచి చూస్తుంది, నిలిచిన నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. కానీ 2024 విజయవాడ బుడమేరు ముంపు లాంటిది దీంట్లో చూద్దామంటే మూడు చిక్కులున్నాయి. ఒకటి, 2021 చివర్లో జంటలో ఒక ఉపగ్రహం పాడైపోయింది, కొత్తది 2024 డిసెంబర్‌లో గానీ వెళ్ళలేదు, ఈలోపు ఒక్కటే తిరిగేది కాబట్టి ఒకే దారిలో మళ్ళీ రావడానికి 12 రోజులు. వరద పీక్ మీద అది పైన లేకపోతే అంతే. రెండు, అజిత్ సింగ్ నగర్ లాంటి ఇరుకు ఇళ్ళ మధ్య నీళ్ళు నిలిస్తే రాడార్ సిగ్నల్ గోడలకి తగిలి వెనక్కొచ్చేస్తుంది, అక్కడ నల్లగా కాదు సరికదా తెల్లగా మెరుస్తుంది. మూడు, ఆగస్టు సెప్టెంబర్‌లో కృష్ణా డెల్టా అంతా నాట్లు వేసి మళ్ళల్లో నీళ్ళు కట్టి ఉంటాయి, అవి కూడా నల్లగానే ఉంటాయి. వరదకి ముందు ఫొటో పక్కన పెట్టుకోకుండా నల్లగా ఉన్నదంతా ముంపు అంటే సగం కృష్ణా జిల్లాని ముంచేసినట్టే. ఇదంతా మనకెందుకు అనుకుంటే, హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రో విభాగం) వాళ్ళు వరద ముంపు మ్యాపులు తయారు చేసి భువన్ పోర్టల్లో పెడతారు, అవి చూస్కోండి.

బోర్లు

భూగర్భ జలాల లేయర్ డబ్ల్యూఆర్ఐఎస్‌లో ఉంది, ఆంధ్రలో అయితే ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్ అని రాష్ట్రం సొంత సైటు ఇంకా బాగుంటుంది, మండలం దాకా దిగి చూపిస్తుంది. ఇక్కడ తికమక ఏంటంటే అంకె పెరిగితే చెడ్డది. రిజర్వాయర్లో మట్టం పెరిగిందంటే సంతోషం, ఇక్కడ 6 కాస్తా 14 అయ్యిందంటే నీళ్ళు భూమి పైనుంచి 14 మీటర్ల లోతుకి పోయాయి అని. గ్రాఫ్ ఏ వైపు గీశారో, పైకా కిందికా, ముందు అది చూడండి.

కేంద్ర భూగర్భ జల బోర్డు వాళ్ళు ఏడాదికి నాలుగు సార్లు కొలుస్తారు, జనవరి, ఎండాకాలం, ఆగస్టు, నవంబర్. పోల్చేటప్పుడు మే నెలని మే నెలతోనే, నవంబర్‌ని నవంబర్‌తోనే పోల్చాలి. మే, నవంబర్ పోల్చి మా కలెక్టర్ గారు ఇంకుడు గుంతలు తవ్వించబట్టే నీళ్ళు పైకొచ్చాయి అంటే, అది వానల మహిమ కూడా కావచ్చు కదండీ.

స్టేషన్ మీద నొక్కినప్పుడు అది బావా, పీజోమీటరా (నీటి మట్టం కొలవడానికే వేసిన బోరు) అనేది కూడా చూడండి. తవ్వుడు బావి పై పొరలో నీళ్ళు చెప్తుంది, లోతు పీజోమీటర్ రాతి పగుళ్ళలో నీళ్ళు చెప్తుంది. రాయలసీమ, తెలంగాణలో ఎక్కువ భాగం గట్టి రాయి, నీళ్ళుండేది పగుళ్ళలోనే, అందుకే మీ పొలంలో 600 అడుగులు వేసినా దుమ్మే వస్తుంది, పక్కాయనకి 250కే పడుతుంది. ఈ మ్యాపు చూసి బోరు పాయింట్ పెట్టడం కుదరదు, ఎవరైనా యాప్‌లో పాయింట్ చూపిస్తామని డబ్బులడిగితే ఇవ్వకండి. మీ మండలంలో నీళ్ళు ఏటేటా దిగిపోతున్నాయా నిలకడగా ఉన్నాయా అన్నది చెప్తుంది, ఇంకో బోరు మీద రెండు లక్షలు పెట్టాలా, డ్రిప్ మీద పెట్టాలా అని ఆలోచించడానికి అది చాలు.

ఇన్‌గ్రెస్ అని ఐఐటీ హైదరాబాద్ వాళ్ళతో కలిసి కేంద్ర భూగర్భ జల బోర్డు కట్టిన సైటులో మండలాల వారీగా రంగులుంటాయి. ఏటా తోడుకోవడానికి వీలైన నీళ్ళలో 70 శాతం దాకా తోడితే సేఫ్, 70 నుంచి 90 సెమీ క్రిటికల్, 100 దాకా క్రిటికల్, 100 దాటితే అతిగా తోడేస్తున్నట్టు. మండలం మొత్తానికి సగటు అది, కాలువ కింద ఊళ్ళూ మెట్ట ఊళ్ళూ ఒకే రంగులో కలిసిపోతాయి.

నాణ్యత

ఇది తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే చూడ్డానికి తక్కువే ఉంటుంది. నదుల నాణ్యత డేటాలో ఎక్కువ భాగం లైవ్ కాదు, ఎప్పుడో శాంపిల్ తీసి ల్యాబ్‌లో చూసి పెట్టింది. తేదీ చూడండి, శాంపిల్ తీసింది ఊరికి పైనా కిందా చూడండి. మూసీకి గండిపేట దగ్గర అంకె, నాగోల్ దగ్గర అంకె ఒకే నదివి అంటే నమ్మబుద్ధి కాదు. స్నానానికి పనికొచ్చే నదిలో బీఓడీ (నీళ్ళలోని మురుగు కుళ్ళడానికి పట్టే ఆక్సిజన్) లీటరుకి 3 మిల్లీగ్రాముల లోపు, కరిగిన ఆక్సిజన్ 5 పైన ఉండాలి. తాగే నీళ్ళకి ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా, నైట్రేట్ 45 దాకా. నల్గొండ, ప్రకాశం వైపు వాళ్ళు మండలం మ్యాపు చూసి సరిపెట్టుకోకుండా సొంత బోరు నీళ్ళు టెస్ట్ చేయించాలి, పక్కపక్క బోర్లలోనే ఫ్లోరైడ్ చాలా తేడా ఉంటుంది.

డౌన్‌లోడ్ చేసి సొంత మ్యాపు వేస్కోవాలంటే

టేబుల్ దించుకుంటే అక్షాంశం, రేఖాంశం రెండు కాలమ్‌లుంటాయి, ఆ ఫైల్ గూగుల్ మై మ్యాప్స్‌లో ఎక్కించినా చుక్కలు పడతాయి, కాస్త సీరియస్‌గా చెయ్యాలంటే క్యూజీఐఎస్ ఫ్రీ సాఫ్ట్‌వేర్. మన దగ్గర అక్షాంశం 12 నుంచి 20 మధ్య, రేఖాంశం 76 నుంచి 85 మధ్య ఉంటుంది. తిరగేసి ఇచ్చారో, హైదరాబాద్ పోయి ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ మంచులో తేలుతుంది, మ్యాపులో చుక్కలు కనిపించట్లేదంటే ఒకసారి అక్కడికెళ్ళి వెతకండి.

స్టేషన్ దొరకట్లేదంటే పాత జిల్లా పేరుతో వెతకండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మారాయి కానీ పాత డేటా చాలా చోట్ల పాత పేర్ల కిందే ఉంది, ఏలూరుది పశ్చిమ గోదావరిలో, జనగామది వరంగల్లో. స్పెల్లింగు కూడా ఒక్కో ఫైల్లో ఒక్కోలా ఉంటుంది, ఊరి పేరు మొత్తం కొట్టకుండా మొదటి నాలుగక్షరాలు కొట్టి చూడండి.

మధ్యలో నెలలకి నెలలు ఖాళీలుంటే ఆ చోట సున్నా పెట్టి గ్రాఫ్ గీయకండి, ఖాళీని ఖాళీగానే వదిలేయండి. అవసరమైన డేటా సైట్లో లేకపోతే ముందు జిల్లా భూగర్భ జల శాఖ ఆఫీసుకి స్టేషన్ పేరు, కావాల్సిన ఏళ్ళు రాసి ఒక లెటర్ ఇవ్వండి, చాలాసార్లు అక్కడే ఎక్సెల్ ఫైల్ ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి, పేపర్ జిరాక్సులు కాకుండా సాఫ్ట్ కాపీ కావాలని అర్జీలోనే రాయండి.